ఇంగితం: మాస్టారి స్మారకోపన్యాసం

 

ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో, నాకు చదువు చెప్పిన ఆ మాస్టారు జీవితమంతా మాట మీదే బతికారు. తెనాలి దగ్గరి పల్లెలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పారు. ఎండాకాలం సెలవుల్లో పౌరాణిక నాటకాల్లో వేషం కట్టారు. హార్మోనియం శ్రుతి అందుకుని ఆయన రాగం తీస్తే ఊరి చివర రైస్ మిల్లు దాకా వినపడేది. అటువంటి మనిషికి డెబ్బై రెండో ఏట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. వాటితో పాటే మాట పడిపోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది. ‘అదే’. అవునన్నా అదే, కాదన్నా అదే, మనవరాలిని పిలవాలన్నా అదే.

మూడు నెలల తరువాత చూడబోయాను. వసారాలో నవారు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే ‘అదే!’ అన్నారు, స్వరం పైకి లేపి. అది పలకరింపని నాకూ తెలిసింది. ఆ తరువాత ‘అదే… అదే…’ అంటూ ఎడమచేతి ఐదువేళ్ళూ దగ్గరకు చేర్చి, రెండుసార్లు గడ్డం దాకా తెచ్చి, ఆ చేతినే గుమ్మం వైపు చాపారు. దాహమేమోనని గ్లాసు అందుకోబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి కళ్ళు మూసుకున్నారు. వంటింట్లోంచి ఆయన ఇల్లాలు అమ్మగారు కేకేశారు: “నీళ్ళు కాదు నాయనా, అన్నం తిని వెళ్ళమంటున్నారు.” ఆమె ఆయన చేతిని చూడలేదు. వంటింటి గోడ అడ్డం. గొంతు విన్నారు, అంతే. సాయంత్రం వేళ ఇంటికొచ్చిన శిష్యుడితో ఆయన మొదట అనే మాట ఏమిటో ఆమెకు నలభై ఏళ్ళుగా తెలుసు.

నేను అప్పటికి పాతికేళ్ళుగా కాలేజీలో భాషాశాస్త్రం చెబుతున్నాను. మాటలు లేని చోట మనుషులు ఎలా సంభాషించుకుంటారన్న విషయం మీద చదివాను, పాఠాలు చెప్పాను. ఆ వసారాలో మాత్రం నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ గ్లాసు పట్టుకున్న క్షణం నుంచి పుట్టిందే.

మాస్టారికి వచ్చిన జబ్బుకు వైద్యంలో పెద్ద చరిత్ర ఉంది. 1861లో పారిస్ దగ్గరి బిసేత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరకు లెబోర్న్ అనే రోగిని తెచ్చారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు. ఆసుపత్రిలో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. కొద్దిరోజులకే అతను చనిపోతే బ్రోకా మెదడు పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటును గుర్తించాడు. ఇవాళ దాన్నే బ్రోకా ప్రాంతం అంటున్నాం. వైద్యవిద్యార్థులు ఈ కథను అక్కడిదాకా చదువుతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది బ్రోకా రాసిపెట్టిన మరో సంగతి. అంకెలతో జవాబు చెప్పవలసిన ప్రశ్న అడిగితే లెబోర్న్ వేళ్ళు తెరిచి మూసి లెక్క చెప్పేవాడట. ఎదుటివాళ్ళకు తన భావం అందకపోతే కోపం తెచ్చుకునేవాడట. ఆ మనిషిలో చెప్పాలన్న తపన ఇరవై ఒక్క ఏళ్ళూ అలాగే ఉంది. కొరవడింది అందుకునేవాళ్ళే.

మన భాషలో ఈ విషయానికి ఒక మాట ఉంది. చాలా గొప్ప మాట. ఇంగితం. మనసులో ఉన్న ఉద్దేశం శరీరపు కదలికలో బయటపడటం అని దాని అసలు అర్థం. సంస్కృతం నుంచి వచ్చింది. కానీ తెలుగువాళ్ళం దానికి జ్ఞానాన్ని జోడించి, ‘ఇంగితజ్ఞానం’ అని, రోజువారీ తెలివిడికి పేరు పెట్టుకున్నాం. “ఆ మాత్రం ఇంగితం లేదా?” అని ఇంట్లో పిల్లల్ని మందలిస్తాం. ఎప్పుడు మందలిస్తాం? అవతలివాళ్ళు ఏడుస్తుంటే అప్పు సంగతి ఎత్తినప్పుడు. వచ్చినవాళ్ళు లేవబోతూ మొహమాటపడుతున్నారని తెలుసుకోలేనప్పుడు. లెక్కలు రాకపోతే ఇంగితం లేదనం. ఎదుటిమనిషిని చదవలేకపోతే అంటాం. మామూలు తెలివి అంటే ఇతరుల ముఖం చూసి తెలుసుకోవడమే అని మన పూర్వీకులు నిశ్చయించుకున్నట్టుంది.

ఈ ఇంగితాన్ని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నిర్వచించాడు. మంత్రాంగం ఎలా రహస్యంగా ఉంచాలో చెప్పే అధ్యాయం అది. చిలకలు, గోరువంకల వల్ల కూడా రహస్యాలు బయటపడ్డాయని అక్కడ ఒక హెచ్చరిక ఉంటుంది. ఆ తరువాత మనిషి శరీరం నుంచే రహస్యం జారిపోయే తీరు చెబుతాడు. మనిషి తన మామూలు నడవడికి భిన్నంగా ప్రవర్తించడం ఇంగితం అంటాడు. ముఖంలో, రూపంలో కనిపించే మార్పు ఆకారం అంటాడు. ఈ నిర్వచనం దగ్గర కాసేపు ఆగుదాం. చేతులు కట్టుకోవడం ఇంగితమని, ముక్కు రుద్దుకోవడం ఇంగితమని కౌటిల్యుడు జాబితా ఇవ్వలేదు. మామూలుకు భిన్నం కావడమే ఇంగితం అన్నాడు. అంటే ఒక మనిషి ఇంగితం తెలియాలంటే ముందు ఆ మనిషి మామూలు తెలియాలి. ఎప్పుడూ చేతులు కట్టుకునే నిలబడే మనిషి చేతులు కట్టుకుంటే అందులో వార్త లేదు. ఆయన చేతులు విప్పిన రోజున వార్త ఉంది.

నా మాట ఇదే. మాటలు లేని సంభాషణ ఒక గుప్తలిపి కాదు, తాళంచెవి దొరికితే ఎవరి మనసైనా తెరుచుకునేది కాదు. అది ఒక మనిషి మామూలును ఓపిగ్గా తెలుసుకుని ఉండటం. ఈ సంగతి మరిచిపోయినందువల్ల మనం ఎన్ని చోట్ల ఎంతమందికి అన్యాయం చేస్తున్నామో చెప్పాలనే ఇవాళ వచ్చాను.

మొదట ఒక అంకెతో తేల్చుకోవాలి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ శిక్షణ తరగతులకు వెళ్ళినవాళ్ళెవరైనా ఈ అంకె విని ఉంటారు. సంభాషణలో మాటల వాటా 7 శాతమేనని, గొంతుది 38 శాతమని, ముఖానిది, శరీరానిది 55 శాతమని. కలిపితే 93 శాతం మాటలు లేకుండానే అందుతుందని. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో అచ్చువేసిన రెండు చిన్న పరిశోధనల నుంచి వచ్చిన అంకెలివి. ఆ ప్రయోగాల్లో జరిగిందేమిటి? ఒకదాంట్లో ఇష్టం, అయిష్టం, తటస్థం ధ్వనించే విడివిడి మాటల్ని రకరకాల గొంతులతో వినిపించారు. రెండోదాంట్లో ‘కావచ్చు’ అనే అర్థం వచ్చే ఒకే ఒక్క ఇంగ్లీషు మాటను వేర్వేరు స్వరాల్లో వినిపిస్తూ, రకరకాల ముఖాల ఫోటోలు చూపించి, ఈ మనిషికి ఇష్టమా కాదా చెప్పమన్నారు. మాట ఒకటి, ముఖం మరొకటి చెబుతుంటే ఇష్టాయిష్టాల విషయంలో మనం ముఖాన్నే నమ్ముతామని తేలింది. అంతవరకే. సంభాషణలన్నిటికీ ఇది వర్తించదని మెహ్రాబియన్ స్వయంగా చెప్పాడు. 93 శాతం నిజమే అయితే, తెలుగు ఒక్క ముక్క రానివారు ఈ సభలో కూర్చున్నా నేను చెప్పినదాంట్లో నూటికి తొంభై మూడు పాళ్ళు వాళ్ళకు అందాలి. అందదు కదా. మాటను అంత తక్కువ చేయకూడదు. మాట పోగొట్టుకున్న మనిషి పక్కన కూర్చుంటే దాని విలువ తెలుస్తుంది. మాస్టారు రెండు రోజుల పాటు ఒక పద్యం పేరు చెప్పాలని ప్రయత్నించి, చేత్తో, కళ్ళతో, రాగంతో కూడా చెప్పలేక, చివరికి గోడవైపు తిరిగి పడుకోవడం నేను చూశాను.

అయితే ఆ ప్రయోగాల్లో తేలిన చిన్న నిజం మన సామెతకు ఎప్పుడో తెలుసు. నోటితో పలకరిస్తూ నొసటితో వెక్కిరించడం అంటాం. నోరూ నొసలూ పోట్లాడుకుంటే మనం నమ్మేది నొసటినే. తెలుగు ఈ విషయంలో ఎంత సంపన్నమైన భాషో చూడండి. మూతి ముడవడం, పెదవి విరవడం, ముఖం చిట్లించడం, ముక్కున వేలేసుకోవడం, నోరెళ్ళబెట్టడం, తల పట్టుకోవడం, చేతులెత్తేయడం, చెంపలేసుకోవడం, మెటికలు విరవడం. వీటిలో ప్రతిదీ ఒక చేష్ట, అదే సమయంలో ఒక భావానికి పేరు. “చేతులెత్తేశాడు” అన్నప్పుడు ఆయన నిజంగా చేతులు ఎత్తాడా అని ఎవరూ అడగరు. శరీరం చేసినదాన్ని భాష తనలో దాచుకుంది. మా నాయనమ్మ ఆశ్చర్యపడితే నిజంగానే ముక్కున వేలేసుకునేది. నా మనవరాలికి ఆ మాట తెలుసు, ఆ చేష్ట ఎన్నడూ చూడలేదు.

శరీరం చెప్పేది పుట్టుకతో వచ్చిందా, నేర్చుకున్నదా? దీని మీద నూట యాభై ఏళ్ళుగా వాదం నడుస్తోంది. చార్లెస్ డార్విన్ 1867లో పదహారు ప్రశ్నలు అచ్చువేయించి ప్రపంచంలో పలుచోట్ల ఉన్న పరిచయస్తులకు పంపాడు. ఆశ్చర్యపడితే కళ్ళు, నోరు పెద్దవవుతాయా? సిగ్గుపడితే ముఖం కందుతుందా? ఇలాంటివి. మన దేశం నుంచి కలకత్తా బొటానికల్ గార్డెన్స్‌లో పనిచేసే స్కాట్ జవాబులు పంపాడు. వాటి ఆధారంగా 1872లో డార్విన్ పుస్తకం రాశాడు, మనుషులందరి ముఖకవళికలకూ మూలం ఒకటేనన్నాడు. 1960ల చివర పాల్ ఎక్మన్ పాపువా న్యూగినీ కొండల్లో ఫోరే ప్రజల దగ్గరకు ఫోటోలు పట్టుకెళ్ళాడు. బయటి ప్రపంచంతో అప్పటికి పెద్దగా సంబంధం లేనివాళ్ళు. కోపం, సంతోషం, దుఃఖం వంటివి వాళ్ళూ గుర్తుపట్టారని ప్రకటించాడు. చాలాకాలం అదే చివరిమాట అనుకున్నారు. కానీ 2016లో అదే దేశానికి చెందిన ట్రోబ్రియాండ్ దీవుల్లో జరిగిన పరిశోధనలో, పాశ్చాత్యులు భయమని గుర్తించే ముఖాన్ని, కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిచిన ముఖాన్ని, అక్కడివాళ్ళు బెదిరింపుగా చదివారు. ఒకరి భయం మరొకరికి కోపంగా కనబడింది. వాదం ఇంకా తెగలేదు.

ఈ చిక్కును భరతుడు తనదైన పద్ధతిలో ముందే పట్టుకున్నాడని నా అభిప్రాయం. నాట్యశాస్త్రం లోకధర్మి, నాట్యధర్మి అని రెండు దారులు చెప్పింది. లోకంలో మనుషులు ప్రవర్తించే తీరు ఒకటి, రంగస్థలం ఏర్పరచుకున్న కట్టుబాటు రెండోది. ప్రవృత్తి అనే మాటతో దేశాన్ని బట్టి మారే వేషభాషల్ని, ఆచారాల్ని వేరుగా పేర్కొంది. దాక్షిణాత్య ప్రవృత్తి వేరు, ఆవంతి వేరు, పాంచాలి వేరు, ఓఢ్రమాగధి వేరు. ఇక అన్నిటికీ అడుగున సాత్వికాభినయం ఉంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఎనిమిది. మనసు నిజంగా లగ్నమైతే తప్ప ఇవి రావన్నారు. చెమట పట్టడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, రంగు మారడం మన చేతిలో ఉండవు, స్వతంత్ర నాడీవ్యవస్థ చేతిలో ఉంటాయి అని ఇవాళ్టి వైద్యం చెబుతుంది. పుట్టుకతో వచ్చింది, ఊరు నేర్పింది, కళ కల్పించింది, ఈ మూడూ ఒకే శరీరంలో పొరలుగా ఉంటాయని భరతుడికి తెలుసు. ఏదో ఒకటే నిజమని ఆయన పట్టుపట్టలేదు.

ఇక్కడ ఒక తెలుగువాడిని తలుచుకోవాలి. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడిగా, రామదండు కట్టినవాడిగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్యను మనం ఎరుగుదుం. అంతకుముందే ఆయన, ఆనంద కుమారస్వామితో కలిసి, నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషు చేశారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని అచ్చువేసింది. మన చేతుల భాషను ప్రపంచానికి చదివి వినిపించినవాళ్ళలో ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య ఒకరన్నమాట చీరాలలోనైనా ఎంతమందికి తెలుసో!

ఆ అభినయదర్పణంలో ఒంటిచేతి హస్తాలు ఇరవై ఎనిమిది. మొదటిది పతాకం. వేళ్ళన్నీ చాపి, బొటనవేలు వంచి చూపించే చెయ్యి. దీన్ని ఎందుకు వాడాలో చెప్పే పట్టిక చాలా పొడుగు. మబ్బు, అడవి, రాత్రి, నది, గుర్రం, గాలి, వెన్నెల, వద్దనడం, పడుకోవడం, ఇంకా ఎన్నో. ఒకే చెయ్యి! కూచిపూడి పిల్ల ఈ హస్తం నేర్చుకునే రోజునే ఒక పాఠం నేర్చుకుంటుంది. చేతికి సొంతంగా అర్థం లేదు. చూపు ఎటు పోయింది, అడుగు ఎలా పడింది, ముందు ఏం జరిగింది, పాట ఏమంటోంది, ఇవన్నీ కలిస్తేనే అది నదో, రాత్రో అవుతుంది. అంత కట్టుదిట్టంగా నియమాలు రాసిన శాస్త్రమే ఒక చేతికి ఒక అర్థం అనలేదు. మరి బస్‌స్టాండు పుస్తకాల షాపులో దొరికే బాడీ లాంగ్వేజ్ పుస్తకాలు, చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టు, గడ్డం నిమురుకుంటే నిర్ణయం తీసుకుంటున్నట్టు అని ఏ ధైర్యంతో చెబుతాయి?

భామాకలాపం చూసినవాళ్ళకు సత్యభామ ప్రవేశం గుర్తుండే ఉంటుంది. తెర పట్టుకుంటారు. ముందు ముఖం కనబడదు. తెర మీదుగా జడ వచ్చి పడుతుంది. ఆ జడ ఒక సవాలు. ఎవరైనా వచ్చి నన్ను గెలవండి అని పండితలోకంతో అనడం. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషం కడితే, వీపు మాత్రమే కనబడుతున్నప్పుడే గర్వం సభంతా పరుచుకునేది. నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను. మాస్టారే తీసుకెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఎడ్లబండిలో ఆయన అడిగారు: “ఆవిడ ఎంత గర్విష్టో నీకు ఎప్పుడు తెలిసిందిరా?” మాటలు మొదలుకాక ముందే అన్నాను. “మరి ఎలా తెలిసింది?” నాకు జవాబు రాలేదు. ఆయనా చెప్పలేదు. అరవై ఏళ్ళు కావస్తున్నా ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది.

రంగస్థలం వదిలి కోర్టుకు వెళదాం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 280వ సెక్షన్ ఒకటుండేది. సాక్ష్యం చెబుతున్నప్పుడు సాక్షి తీరు ఎలా ఉందో, అవసరమనిపిస్తే, జడ్జి రాసిపెట్టాలనేది. కోడ్ పేరు మారినా ఆ నియమం కొత్త సంహితలోనూ కొనసాగుతోంది. దాని ఉద్దేశం మంచిదే. పై కోర్టు కాగితం మాత్రమే చదువుతుంది, సాక్షిని చూసింది కింది కోర్టే. కానీ బోనులో నిలబడ్డ మనిషి ఎవరు? ఎన్నడూ ఊరు దాటని ఒక కూలి మనిషి అనుకుందాం. పెద్దల ముందు తలదించుకోవాలని, మగవాళ్ళ కళ్ళలోకి చూడకూడదని పుట్టినప్పటి నుంచీ నేర్పించారు. నల్లకోటు వేసుకున్నాయన గద్దిస్తుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, నేల చూస్తుంది, జవాబుకు తడబడుతుంది. ఆమె మామూలు తెలియనివాళ్ళకు అది అబద్ధంలా కనబడుతుంది.

చూసి అబద్ధం పట్టగలమన్న నమ్మకం మనలో చాలా బలంగా ఉంది. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో అంతకుముందు జరిగిన వందలాది ప్రయోగాల్ని కలిపి లెక్కతీశారు. నిజమో అబద్ధమో చెప్పమంటే మనుషులు సగటున నూటికి 54 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేస్తే నూటికి 50 వస్తాయి. రోజూ దొంగల్ని చూసే వృత్తుల్లో ఉన్నవాళ్ళు కూడా పెద్దగా మెరుగ్గా లేరు. చూపు తిప్పుకుంటే అబద్ధమన్న ఒక్క నమ్మకం మీద ఎందరు నిర్దోషులు మాటలు పడ్డారో తలుచుకుంటే నాకు నిద్రపట్టదు. విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన పిల్లలు చెబుతుంటారు, ప్రొఫెసరు మాట్లాడుతుంటే గౌరవంతో కళ్ళు దించుకుంటే ఆసక్తి లేదనుకున్నారని. మనం ‘సరే’ అని తల అటూ ఇటూ వాల్చితే వాళ్ళకు అది కాదన్నట్టు కనబడుతుంది. బల్గేరియాలో కాదనడానికి తల పైకెత్తుతారు, అవుననడానికి అడ్డంగా ఊపుతారు. ఎవరి తల వాళ్ళ ఊరి మాట వింటుంది.

మనిషికీ మనిషికీ మధ్య దూరం కూడా మాట్లాడుతుందని ఎడ్వర్డ్ హాల్ 1966లో ఒక పుస్తకమంతా రాశాడు. ఒకటిన్నర అడుగుల లోపల ఆత్మీయులు, నాలుగడుగుల దాకా స్నేహితులు, పన్నెండడుగుల దాకా పనిమీద వచ్చినవాళ్ళు అని కొలిచాడు. ఆ కొలతలు తన చుట్టూ ఉన్న అమెరికా మధ్యతరగతివని ఆయనే హెచ్చరించాడు కూడా. మన దగ్గర దూరం ఇంకో చరిత్ర మోసింది. ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడాలో, ఎవరి ముందు భుజం మీది కండువా తీయాలో, ఎవరి వాకిట చెప్పులు చేతపట్టుకుని నడవాలో కులం అడుగుల్లో కొలిచి పెట్టింది. నోరు విప్పకుండానే మనిషిని అవమానించగల ఏర్పాటు అది. ఊళ్ళో హోటల్లో రెండు గ్లాసులు వేరువేరు మేకులకు తగిలించి ఉంటే వాటి పక్కన బోర్డు రాసి పెట్టనక్కర్లేదు. మాటలు లేని సంభాషణ అనగానే చిరునవ్వులు, కరచాలనాలు తలుచుకుంటాం. ఇదీ అందులో భాగమే. దీన్ని వదిలేసి ఈ విషయం మీద ఉపన్యాసం ఇవ్వడం నాకు చేతకాదు.

మరో పొరపాటును కూడా ఇక్కడే సరిదిద్దుకోవాలి. చెవిటివారి సంజ్ఞాభాషను ‘మూగసైగలు’ అని తీసిపారేస్తుంటాం. అది సైగల గుంపు కాదు, భాష. దానికి వ్యాకరణం ఉంది, వాక్యనిర్మాణం ఉంది, కవిత్వం ఉంది. అమెరికన్ సంజ్ఞాభాష గురించి విలియం స్టోకీ 1960లో ఈ సంగతి నిరూపించాడు. 1880లో మిలాన్ నగరంలో బధిరుల ఉపాధ్యాయులు సమావేశమై బడుల్లో పెదవుల భాషే నేర్పాలని తీర్మానించారు. ఆ తీర్మానం ప్రభావంతో ఎన్నో దేశాల్లో పిల్లల చేతులు కదలకుండా కట్టడి చేశారు. చేతులతో మాట్లాడే పిల్లల చేతులు అణచిపెట్టడమంటే నోరు నొక్కడమే. మన దేశంలో భారతీయ సంజ్ఞాభాషకు ఒక జాతీయ పరిశోధన కేంద్రం 2015లో వచ్చింది. నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది. ఆలస్యంగానైనా వచ్చాయి.

చెయ్యి మాటకు ఎంత దగ్గర చుట్టమో చెప్పడానికి ఒక ప్రయోగం చాలు. పుట్టుకతో చూపు లేని పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారని జానా ఐవర్సన్, సుసాన్ గోల్డిన్‌మెడో 1998లో చూపించారు. వాళ్ళు ఎవరి చేతులూ చూసి నేర్చుకోలేదు. తమలాగే చూపులేని మనిషితో మాట్లాడుతున్నప్పుడు కూడా చేతులు కదిపారు. చెయ్యి ఎదుటివాడి కోసమే కాదు, మాట పుట్టడానికి కూడా తోడుపడుతుంది. ఫోనులో మాట్లాడుతూ గాలిలో దారి చూపించేవాళ్ళను చూసి నవ్వనక్కర్లేదు.

అందుకునేవాడు లేకపోతే ఏమవుతుందో చెప్పే మరో ప్రయోగం ఉంది. చూడటానికి కష్టంగా ఉంటుంది. 1970ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసింది. తల్లి నెలల బిడ్డతో ఆడుతుంటుంది. తరువాత చెప్పిన ప్రకారం, కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డనే చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ ముందు నవ్వుతుంది. వేలు పెట్టి చూపిస్తుంది. అరుస్తుంది. తనకు తెలిసిన ఉపాయాలన్నీ చేసి, ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుని ఏడుస్తుంది. తల్లి ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉంది. కానీ ముఖం జవాబివ్వడం లేదు. ఈ మధ్య రైల్లో, ఆసుపత్రి వరండాల్లో, పెళ్ళి పందిళ్ళలో ఫోను వెలుగు పడుతున్న తల్లిదండ్రుల ముఖాలూ, వాళ్ళ గడ్డం పట్టుకుని తమవైపు తిప్పుకోబోయే చంటిపిల్లలూ కనబడితే నాకు ఆ ప్రయోగమే గుర్తొస్తుంది. వీడియో కాల్‌లో కూడా ఒక లోటుంది. డాలస్‌లో మనవడు తెర మీది తాత కళ్ళలోకే చూస్తాడు. కెమెరా తెరకు పైన ఉంటుంది. తాతకు మనవడి రెప్పలు వాలినట్టే కనబడతాయి. ఇద్దరూ ఒకరినొకరు చూస్తున్నారు, చూపులు మాత్రం కలవవు.

మాస్టారి దగ్గరకు తిరిగి వస్తాను. రెండో ఏడు ఆయన్ని ఒక ఆసుపత్రిలో చేర్చారు. మూత్రానికి గొట్టం వేశారు. ఒక ఉదయం డ్యూటీలో ఉన్నవాళ్ళు వచ్చి, “నొప్పేమైనా ఉందా మాస్టారూ?” అని అడిగారు. ఆయన ‘అదే’ అని చిరునవ్వు నవ్వారు. నొప్పి లేదని రాసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పు పట్టను. నలభై మంచాలు చూడాలి. నేనూ అక్కడే ఉన్నాను, నాకూ ఏమీ అనుమానం రాలేదు. ఇంటికి వెళ్ళి స్నానం చేసి వచ్చిన అమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు. “ఈయన చెయ్యి చూడు నాయనా” అన్నారు. ఎడమచేతి పిడికిలిలో దుప్పటి అంచు నలిగిపోతోంది. “ఈయన చెయ్యి ఎప్పుడూ మూసుకోరు. నిద్రలో కూడా విప్పే ఉంటుంది. పాఠం చెప్పిన చెయ్యి.” దుప్పటి ఎత్తి చూస్తే గొట్టం మెలిపడి ఉంది. పొత్తికడుపు ఉబ్బి రాయిలా ఉంది. ఎప్పటి నుంచి భరిస్తున్నారో. చిరునవ్వు మాత్రం ఆయన జీవితమంతా అడిగినవారికల్లా ఇచ్చిన మర్యాద. అది నొప్పి గురించి ఏమీ చెప్పలేదు. చెప్పింది పిడికిలి.

చెప్పలేని పిల్లల నొప్పిని కొలవడానికి 1997లో అమెరికాలో ఒక కొలమానం తయారుచేశారు. ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకోవడం, ఈ ఐదింటికీ సున్న నుంచి రెండు దాకా మార్కులు వేసి పదికి లెక్కిస్తారు. ఇప్పుడు చాలా పిల్లల వార్డుల్లో వాడుతున్నారు. మంచి పని. నా కోరిక ఇంకొక్కటే. మాట పోయిన రోగి కేసు షీట్‌లో, బీపీ, షుగరు రాసే చోటే, ఇంట్లోవాళ్ళను అడిగి నాలుగు వాక్యాలు రాయాలి. ఈయన మామూలుగా ఎలా ఉంటారు? ఏ చెయ్యి వాడతారు? అవునని ఎలా చెబుతారు? నొప్పి వస్తే ఏం చేస్తారు? దీనికి యంత్రం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పెద్దదిక్కుగా పక్కన కూర్చున్న మనిషిని రోగికి దుబాసీగా గుర్తిస్తే చాలు. ఈ స్మారకోపన్యాసానికి ధర్మనిధి ఏర్పాటు చేసిన మిత్రుల్లో ఇద్దరు డాక్టర్లున్నారు. ఇది వాళ్ళ చెవిన వేయడానికే సగం నేను ఇవాళ ఒప్పుకుని వచ్చాను.

మాస్టారు పోయి ఆరేళ్ళయింది. అమ్మగారు ఈ సభకు రాలేకపోయారు. మోకాళ్ళ నొప్పులు. ఈ ఉపన్యాసం గురించి చెబుదామని కిందటి నెల ఆ ఊరు వెళ్ళాను. సాయంత్రమైంది. అదే వసారా, అదే నవారు మంచం, మడిచి గోడకు ఆనించి ఉంది. కాసేపు మాట్లాడి, బస్సు వేళయిందని లేచి చెప్పులు వేసుకున్నాను. ఆమె స్తంభం పట్టుకుని నిలబడ్డారు. ఏదో అనబోయి అనలేదు. కొంగు సర్దుకున్న ఎడమచెయ్యి, ఐదువేళ్ళూ దగ్గరకు చేరి, రెండుసార్లు గడ్డం దాకా వెళ్ళి, గుమ్మం వైపు చాపుకుంది. ఆ చెయ్యి అలా కదిలిందని ఆమెకు తెలిసినట్టు లేదు.

“తినే వెళతానమ్మా” అని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.